సమయాభావం వల్ల చదవని ప్రశ్న

దేశం కొత్త యుద్ధవిమానాలు కొనబోతోందని వార్త వచ్చినప్పుడల్లా బెంజ్ సర్కిల్ టీకొట్ల దగ్గర అందరూ నిపుణులైపోతారు. ఏ దేశపు విమానం మంచిదో, దేనికి వేగం ఎక్కువో ఒకరికొకరు చెప్పుకుంటారు. టీవీల్లో చెబుతారు. మా కంకిపాడు బస్సులో నిలబడి కూడా చెబుతారు. ఎయిర్‌ఫోర్సులో ఉద్యోగం చేసి వచ్చిన నన్ను మాత్రం ఇంతవరకు ఎవరూ ఏమీ అడగలేదు. ఒక్కటి అడిగారు. మాజీ సైనికుల క్యాంటీన్‌లో సీసాలు చవగ్గా వస్తాయట కదా, రెండు ఇప్పిస్తారా అని. నేను తాగను, ఇప్పించను. ఆ సంగతి వీధిలో తెలిశాక ఆ ప్రశ్న కూడా ఆగిపోయింది.

నేను విమానాలు నడపలేదు, రిపేరు చేయలేదు. స్టోర్స్‌లో పనిచేశాను. విమానానికి కావలసిన ప్రతి వస్తువూ, టైరు దగ్గర్నుంచి చిన్న మరమేకు దాకా, స్టోర్స్‌కే వచ్చి స్టోర్స్ నుంచే వెళుతుంది. లేనిది పైకి రాసి తెప్పించాలి. ఆటోనగర్‌లో ఇలాంటి విడిభాగాలన్నిటినీ కలిపి సామాను అంటారు. నేనూ ఆ మాటే వాడతాను.

ఒక దేశం విమానాన్ని ఎంచుకునే పద్ధతి టీకొట్టు దగ్గర అనుకునేటట్టు ఉండదు. ముందు ఎవరూ విమానాలు చూడరు. తమకేం కావాలో రాసుకుంటారు. ఎంత దూరం వెళ్ళాలి, ఎంత బరువు మోయాలి, ఎడారి ఎండలో ఎలా లేవాలి, మంచుకొండల మీది పలచటి గాలిలో ఎలా దిగాలి. ఆ కోరికలు పట్టుకుని కంపెనీలను పిలుస్తారు. వచ్చినవాటిని మన ఎండలో, మన చలిలో ఎగరేసి చూస్తారు. నెగ్గినవాటి ధరల కవర్లే విప్పుతారు. తక్కువ చెప్పినవాళ్ళతో బేరానికి కూర్చుంటారు. ఈ వరుస పక్కనే ఇంకో ఆలోచన నడుస్తూ ఉంటుంది. అమ్మే దేశానికి రేపు మనతో పేచీ వస్తే అమ్మకం ఆపేస్తుందా? ఇక్కడ ఫ్యాక్టరీ పెడుతుందా, పెడతానని చెప్పి ఊరుకుంటుందా? చిన్న దేశాలు ఇంత తతంగం పెట్టుకోవు. పక్కనున్న మిత్రదేశం ఏది వాడితే అదే కొంటాయి, అవసరానికి ఒకరి సామాను ఒకరికి పనికొస్తుందని. ఎవరి చేతిలోనూ చిక్కకూడదనుకునే దేశాలు రెండు మూడు చోట్ల కొంటాయి. అది తెలివైన పనే. అయితే అప్పుడు ప్రతి పంపునూ ప్రతి చక్రాన్నీ రెండు మూడు రకాలుగా దాచవలసిన వాడొకడు ఉంటాడు. కొనేముందు వాణ్ణి పిలిచి అడిగారని నేను వినలేదు.

ఉద్యోగంలో కొత్తగా ఉన్నప్పుడు మా స్థావరానికి ఒక విదేశీ విమానం పరీక్షకు వచ్చింది. మంచి ఎండాకాలం. రన్‌వే మీద గాలి నీళ్ళలా కదులుతూ కనిపించేది. ఆ ఎండలోనూ అది బాగా ఎగిరింది, కాదనను. కాని దాని వెనకే ఒక పెద్ద రవాణా విమానం దిగింది. అందులోంచి కంపెనీ మనుషులు దిగారు, వాళ్ళ తర్వాత పెట్టెలు దిగాయి. ఆ పెట్టెలకు షెడ్డు చూపించి తాళం ఇచ్చింది నేనే. పగలు ఎగిరిన విమానంలో సాయంత్రానికి ఏదో ఒకటి చెడేది. కంపెనీ మనిషి షెడ్డుకు వెళ్ళి, పెట్టె తెరిచి, కొత్తది తెచ్చి బిగించేవాడు. పొద్దున్నకు విమానం సిద్ధంగా ఉండేది. ఎంత నమ్మకమైన విమానమో అని మావాళ్ళు మెచ్చుకునేవారు. నాకు ఆ పెట్టెలే కనిపించేవి.

ఒకరోజు మా ఆఫీసరును అడిగాను. "సార్, ఈ పెట్టెలు వీళ్ళతోపాటు వెళ్ళిపోతాయి కదా. తర్వాత చెడితే ఏది బిగిస్తాం?"

ఆయన హిందీలో, "కొనేది నువ్వా?" అన్నారు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎవరెవరు నవ్వారో, ఎవరు ముందు మొదలుపెట్టారో ఇప్పటికీ చెప్పగలను.

ఆ విమానమే ఎంపికైంది. కొన్నేళ్ళకు, నేను బదిలీ మీద వెళ్ళిన చోటికే వచ్చింది. మొదట్లో అందరికీ సంబరం. ఆ తర్వాత ఒకదానిలో ఒక ఆయిల్ సీలు పోయింది. ఆయిలు కారకుండా ఆపే రబ్బరు రింగు, అరచేతిలో పడుతుంది. మా దగ్గర లేదు. పైకి రాశాం. వాళ్ళ దగ్గరా లేదు, కంపెనీకి రాశారు. తయారుచేసి పంపుతామని కంపెనీ చెప్పింది. విమానం హ్యాంగర్‌లో నిలబడింది. ఊరికే నిలబడి ఉంది కదా అని దానిలోంచి ఒక పంపు తీసి ఇంకోదానికి వేశారు. తర్వాత ఒక మీటరు తీశారు. కొన్ని నెలలు గడిచేసరికి అది సామాను ఇచ్చే విమానమే తప్ప ఎగిరే విమానం కాదు. పక్కన నడిచి వెళుతూ నేను దానివైపు చూసేవాణ్ణి కాదు.

పై నుంచి ఒక పెద్ద అధికారి తనిఖీకి వచ్చారు. ఇదెందుకు నిలబడిందని అడిగారు. అక్కడి మా ఆఫీసరు నన్ను ముందుకు పిలిచి, ఫిట్టర్లూ పైలట్లూ అందరూ ఉండగా, "స్టోర్స్ నిద్రపోయింది సార్" అన్నారు. రాసిన ఉత్తరాలు, చేసిన ఫోన్లు చెప్పబోతే చేత్తో ఆగమన్నారు. ఆ రోజు నుంచి మెస్సులో నా పేరు 'నిద్ర స్టోరు'. పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడితే వెనకనుంచి ఎవరో ఒకరు, "లేపండర్రా, అన్నం పెడుతున్నారు" అనేవారు. ఉద్యోగం వదిలి వచ్చేదాకా ఆ పేరు పోలేదు. సీలు చివరికి వచ్చింది. వచ్చిన సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఈ సంగతి మా బావమరిదికి ఒకసారి చెప్పి తప్పు చేశాను. అతనికి ఆటోనగర్‌లో లారీ సామాను కొట్టు ఉంది. ఎదురుగా పెద్ద స్టీలు ర్యాకులు, వాటి నిండా డబ్బాలు. ఇప్పటికీ ఏ పెళ్ళిలో కలిసినా పదిమందిలో అదే మొదలుపెడతాడు.

"ఆయిల్ సీలు కోసమా బావా విమానం ఆపింది? నా కొట్లో ఓ మాట చెప్తే కొరియర్‌లో ఏసేవోణ్ణిగా!"

"అది లారీకి వేసేది కాదు."

"ఏదైనా రబ్బరేగా బావా. గాల్లోకెళ్తే కులం మారుద్దా?"

నవ్వించడం అతని అలవాటు. అయితే ఒకరోజు కొట్లో ఎవరూ లేనప్పుడు సూటిగా అడిగాను. "లారీ కొనేవాళ్ళు ముందు నీ దగ్గరికొచ్చి, దీనికి సామాను దొరుకుతుందా అని అడుగుతారా?"

"ఎవడడుగుతాడు బావా? మైలేజీ అడుగుతారు, లోను అడుగుతారు, క్యాబిన్‌లో ఏసీ ఉందా అని అడుగుతారు. కొని, పూలదండేసి, గుడి చుట్టూ తిప్పి, ఆర్నెల్లకి బండి ఆగాక అప్పుడొస్తారు నా కాడికి. సామాను లేదంటే నన్నే తిడతారు."

"నిన్నా?"

"మరి? కంపెనీవోడు కనపడడు కదా. కనపడేది నేనే."

అతను నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. అడగకుండా కొనడం లారీలవాళ్ళకే కాదు, దేశాలకూ ఉంటుందేమో, నాకు తెలియదు. ఒకవేళ మనవాళ్ళు కొనేముందు అడిగే ఉంటే, నిద్రపోయింది నేనో మరొకరో తేలాలి. ఈ ఒక్కటి తేలితే చాలు నాకు.

తేలే అవకాశం ఈ మధ్యనే వచ్చింది. విజయవాడలో ఒక సాంస్కృతిక సంఘం ఉంది. నెలకోసారి సభ పెడతారు. దాని కార్యదర్శి రిటైరైన లెక్కల మాస్టారు. ఇదివరకు ఒకసారి, విమానాల ఎంపిక గురించి నేను మాట్లాడతానని ఆయన దగ్గరికి వెళ్ళాను. "మీరు స్టోర్స్ కదండీ. విమానం నడిపినవాళ్ళయితే జనం వస్తారు. ఏమీ అనుకోకండి" అన్నారు. అనుకున్నాను. ఇప్పుడు అదే విషయం మీద, నడిపిన ఆయన్నే పిలిచారు. రిటైరైన వింగ్ కమాండర్. ఆహ్వానంలో ఆయన ఫలానా విమానం పరీక్షల బృందంలో ఉన్నారని రాశారు. నేను షెడ్డు తాళం ఇచ్చిన విమానం పేరు అది.

ఇస్త్రీ చొక్కా వేసుకుంటుంటే మా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది.

"గొడవ పెట్టుకోడానికేనా?"

"ప్రశ్న అడగడానికి."

"మీరడిగితే రెండూ ఒకటేనండీ. కాస్త మెల్లిగా అడగండి."

మెల్లిగానే అడిగాను. చీటీ మీద రాశాను. మా సభల్లో ప్రశ్నలు చీటీల మీద రాసి వేదిక మీదికి పంపాలి, కార్యదర్శి చదువుతారు. నా చీటీలో ఉన్నది ఇంతే: 'పరీక్షలప్పుడు కంపెనీ మనుషులనూ వాళ్ళ పెట్టెలనూ వెనక్కి పంపేసి, మనవాళ్ళతోనే విమానాన్ని కొంతకాలం నడిపి చూశారా? చెడిన సామాను తెప్పించి, ఎంతకాలానికి వస్తుందో చూశారా?'

వింగ్ కమాండర్ బాగా మాట్లాడారు. ఆ మాట ఒప్పుకోవాలి. కోరికలు ఎలా రాసుకుంటారో, పరీక్షలు ఎలా జరుగుతాయో తేలికైన తెలుగులో చెప్పారు. ఎండలో ఇంజను బలం ఎలా తగ్గుతుందో చెప్పడానికి రోహిణి కార్తెలో ప్రకాశం బ్యారేజీ మీద స్కూటరు నడపడం గుర్తుచేస్తే అందరూ చప్పట్లు కొట్టారు. పెట్టెల మాట రాలేదు.

తర్వాత కార్యదర్శి చీటీలు తీశారు. పైలట్లు గాల్లో ఆకలేస్తే ఏం చేస్తారని ఒకరు అడిగారు. మన విమానం గొప్పదా, పక్క దేశం విమానం గొప్పదా అని ఇంకొకరు. అమ్మాయిని పైలట్ చేయాలంటే ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలని ఒక తండ్రి. కార్యదర్శి నా చీటీ తీసి, విప్పి, పెదవులు కదుపుతూ చదువుకున్నారు. తలెత్తి నా వరుస వైపు చూశారు. మడిచి జేబులో పెట్టుకున్నారు.

"సమయాభావం వల్ల మిగతా ప్రశ్నలు తీసుకోలేకపోతున్నాం. పెద్దలు మన్నించాలి. ఇప్పుడు సన్మానం."

సన్మానం మొదలైంది. అధ్యక్షులు ఒక శాలువా కప్పారు. సంఘం తరపున ఇంకొకటి. వింగ్ కమాండర్ చదివిన బడి పూర్వవిద్యార్థుల తరపున మరొకటి. ఫోటో సరిగా రాలేదని ఒక శాలువా తీసి మళ్ళీ కప్పారు. హాలు కట్టించిన దాత గురించి ఒకాయన మాట్లాడారు. ఆ సమయమంతా ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. నా ప్రశ్న చదవడానికి అందులో చిన్న ముక్క సరిపోయేది.

టీ ఇచ్చే చోట నేనే ఆయన దగ్గరికి వెళ్ళాను. స్టోర్స్‌లో పనిచేశానని చెప్పి, చీటీలో రాసింది నోటితో అడిగాను. ఆయన కప్పు దించి నావైపు తిరిగారు. అప్పటిదాకా నాతో మాట్లాడిన ఏ ఆఫీసరూ అలా తిరగలేదు.

"మంచి ప్రశ్నండీ. అలా నడిపి చూడలేదు, పరీక్షల్లో దానికి చోటు లేదు. కాని సామాను సంగతి మేం అడిగాం. అడక్కుండా ఎలా ఉంటాం? ఏది ఎంతకాలంలో పంపుతారో కంపెనీవాళ్ళు రాసిచ్చారు."

"రాసిచ్చారా?"

"రాసిచ్చారండీ. సంతకాలతో సహా."

"మరి అలా పంపారా?"

ఆయన నోరు తెరిచారు. ఏదో చెప్పబోయారు, నేను చూశాను. ఇంతలో కార్యదర్శి వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకున్నారు. "సార్, గ్రూప్ ఫోటో. అందరూ వెయిటింగ్." నావైపు తిరిగి, "మీరు తర్వాత మాట్లాడుకోండి మాస్టారూ" అన్నారు. నేను మాస్టారును కాను. ఆయనకది తెలుసు. ఫోటో తర్వాత కారు వచ్చింది, వింగ్ కమాండర్ వెళ్ళిపోయారు.

కంకిపాడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ మాటే తిప్పి తిప్పి చూసుకున్నాను. ఇన్నాళ్ళూ నేను అనుకున్నది వేరు. వాళ్ళు అడగడం మరిచిపోయారనుకున్నాను. మరిచిపోవడం మనుషుల పని, అందులో పెద్ద తప్పు పట్టలేను. కాని వాళ్ళు అడిగారు. జవాబు వచ్చింది. సీలు ఎప్పటికి రావాలో ఎక్కడో రాసి ఉంది. అన్ని నెలలు పట్టిందంటే ఆ గడువు దాటిపోయే ఉండాలి. హ్యాంగర్‌లో విమానం ఆగి ఉన్న రోజున, ఆ రాత మా ఆఫీసరుకు తెలిసి ఉండవచ్చు, తెలియకపోయీ ఉండవచ్చు. నాకు మాత్రం ఎవరూ చూపించలేదు. నాకు తెలిసి ఉంటే ఆ పెద్ద అధికారి ముందు నా నోట ఆ ఒక్క మాటైనా వచ్చేది.

కార్యదర్శి గారికి ఈ మధ్య రెండుసార్లు ఫోన్ చేశాను. ఒకసారి ఎత్తలేదు. ఇంకోసారి ఎత్తి, సభలో ఉన్నానన్నారు. వింగ్ కమాండర్ గారి నంబరు అడిగితే, ఆయన అనుమతి లేకుండా ఇవ్వలేమన్నారు. సరే. అందుకే ఇది పత్రికకు రాస్తున్నాను, ఇద్దరూ చదువుతారని.

వింగ్ కమాండర్ గారూ, టీ కప్పు పట్టుకుని మీరు చెప్పబోయి ఆపేసిన మాట చెప్పండి. రాసిచ్చిన గడువుకు సామాను రానప్పుడు, రాసిచ్చినవాళ్ళను పిలిచి ఎందుకు రాలేదని ఎవరైనా అడిగారా? నన్ను అడిగారు, అందరి ముందూ అడిగారు. వాళ్ళను అడిగారా, లేదా? అవునో కాదో చాలు. వచ్చే నెల సభకు మళ్ళీ మిమ్మల్నే పిలుస్తున్నారని తెలిసింది. ముందు వరుసలో కూర్చుంటాను. కార్యదర్శి గారూ, ఈసారి శాలువాలు తీయకముందే నా చీటీ చదవండి.