గడ్డ తగ్గాక వద్దన్న ఆపరేషన్

2023 వేసవి. నాంపల్లిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాన్సర్ వార్డులో నేను స్టాఫ్ నర్సుని. మొజంజాహీ మార్కెట్లో పళ్ల దుకాణం నడిపే యాదగిరి గారు మెడ మీద బత్తాయంత గడ్డతో వచ్చారు. గొంతు బొంగురుపోయింది, అన్నం దిగడం లేదు. బయాప్సీలో అనాప్లాస్టిక్ థైరాయిడ్ క్యాన్సర్ అని తేలింది. థైరాయిడ్ క్యాన్సర్లు చాలావరకు నెమ్మదివి. ఇది మాత్రం వారాల్లోనే పెరిగిపోయే మొండి రకం.

గడ్డ శ్వాసనాళానికి అతుక్కుపోయింది. "ఇప్పుడు కత్తి పెట్టడానికి చోటు లేదు," అన్నారు సర్జన్. అదృష్టం కొద్దీ కణితిలో బీరాఫ్ అనే జన్యుమార్పు ఉంది. దాని మీదే గురిపెట్టి పనిచేసే మాత్రలు మొదలుపెట్టాం. ఇలా ఆపరేషన్‌కు ముందే మందుతో గడ్డను కుదించడాన్ని నియోఅడ్జువెంట్ థెరపీ అంటాం. మధ్యలో జ్వరం వచ్చింది. ఆ మందులతో అది మామూలే. కాస్త ఆపి, తగ్గాక మళ్లీ ఇచ్చాం. కొన్ని వారాలకు యాదగిరి గారు చొక్కా పై గుండీ పెట్టుకుని, గొంతెత్తి నన్ను పిలుస్తూ వచ్చారు. నాకు ఏడుపొచ్చింది, దాచడమెందుకు.

స్కాన్ చూసి సర్జన్ ఆపరేషన్ తేదీ ఇచ్చారు. అడ్మిట్ కావాల్సిన రోజు మనిషి లేడు, ఫోన్ ఎత్తడు. డ్యూటీ దిగి నేనే దుకాణానికి నడిచాను.

"ఏంటన్నా, బెడ్ పెట్టుకుని ఎదురుచూస్తున్నాం!"

"జర మెల్లగ, సిస్టరమ్మా. గడ్డ పోయింది గదా! మా ఆమె మార్కెట్ మొత్తం లడ్డూలు పంచింది. ఇప్పుడు మెడ కోయిచ్చుకుంటే జనం ఏమంటరు?"

ప్రాణం మీదికి వచ్చినా పరువు పోకూడదు మనవాళ్లకి!

"పోలేదన్నా, కుదించుకుంది. మళ్లీ పెరిగితే ఈసారి మాత్రలకు లొంగకపోవచ్చు. డాక్టరుగారికి చోటు దొరికింది ఇప్పుడే."

ఆయన పళ్లు సర్దుతూ ఉండిపోయారు. గల్లా దగ్గర కూర్చున్న భార్య అనసూయ గారు లేచారు.

"లడ్డూలు పంచింది నేను. గాళ్లకు చెప్పేది గూడ నేనే."

పక్క కొట్టుతో మొదలుపెట్టి ఒక్కో చోటా ఆగి చెప్పారు. "ఆపరేషన్ ఇంకా ఉందంట, అన్నా. నేనే తొందరపడి పంచిన. జర దేవునికి మొక్కున్రి."

ఒక్కరూ నవ్వలేదు. ఐస్‌క్రీం కొట్టు పెద్దాయన అక్కడినుంచే కేకేశాడు. "దుకాణం మేం చూస్కుంటం. నువ్వు దవాఖానకు పో, యాదగిరీ!"

యాదగిరి గారు తాళాలు ఆయన చేతిలో పెట్టారు.

ఆపరేషన్‌లో సర్జన్ థైరాయిడ్ గ్రంథి మొత్తం తీయగలిగారు. తీసిన ముక్కను పరీక్షిస్తే లోపల బతికున్న క్యాన్సర్ కణాలు ఇంకా ఉన్నాయి. ఆ మాట ఆయనకు చెప్పాం.

"గింత మంచిగున్నా, లోపల ఉండెనా?" అన్నారు. తర్వాత అనసూయ గారి చెయ్యి పట్టుకున్నారు. చికిత్సకు ఇంకా వస్తూనే ఉన్నారు.

మందు పనిచేయనప్పుడే రోగిని ఒప్పించడం కష్టమనుకునేదాన్ని. పనిచేసినప్పుడు ఇంకా కష్టమని ఆయన దగ్గరే తెలిసింది. అందుకే ఇప్పుడు మాత్రలు మొదలుపెట్టే రోజే ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి చెబుతాను: "గడ్డ కనబడకుండా పోయిన రోజు, తప్పకుండా రండి."