సిలువకు రెండు కొయ్యలు

మా నాన్న వడ్రంగి. తలుపులు, కిటికీలు, మంచాలు చేసేవాడు. ఎవరైనా పోతే శవపెట్టె కూడా చేసేవాడు. తన పనిలో తప్పు ఉండనిచ్చేవాడు కాదు, ఎదుటివాడి పనిలో తప్పు దొరికేదాకా ఊరుకునేవాడు కాదు. భోజనానికి పిలిచినవాళ్ల ఇంట్లో కూడా ముందు బల్ల కింద చెయ్యి పెట్టి తడిమి చూసేవాడు. అమ్మకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఆయనకి పని నేర్పింది మా పెదనాన్న. ఇద్దరూ ఒకే షెడ్డులో పనిచేసేవారు. నానమ్మ పోయినప్పుడు పెట్టె పెదనాన్నే చేశాడు. తమ్ముణ్ణి ఒక్క మేకు కూడా కొట్టనివ్వలేదు. సమాధి దగ్గర ప్రార్థన ముగియగానే, అందరూ వినేలా, "మూత వంకరగా కూర్చుంది" అన్నాడు నాన్న. మర్నాడు పెదనాన్న తన పనిముట్లు సర్దుకుని పక్క వీధికి మారిపోయాడు.

అప్పటినుంచి అన్నదమ్ములకి మాటల్లేవు. చర్చిలో మాత్రం ఒకే బెంచీకి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు కూర్చునేవారు. ఆ బెంచీ ఇద్దరూ కలిసి చేసింది కాబట్టి వదులుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. నడుమ ఖాళీలో కొత్తగా వచ్చినవాళ్లు తెలియక కూర్చుని, ప్రసంగం మొత్తం ఇబ్బందిగా కదులుతూ ఉండేవారు. అన్న దగ్గితే నాన్న వాక్యం వినడం మానేసేవాడు. మందు వేసుకుంటున్నాడో లేదో కనుక్కోమని అమ్మని పంపేవాడు, తను అడిగినట్టు చెప్పొద్దనేవాడు. క్షమించమని అడగడం ఒక్కటే ఆయనకి చేతకాలేదు.

ఇలా ఉండగా చర్చి గోడ మీది సిలువకి చెదలు పట్టింది. కొత్తది ఎవరు చెయ్యాలన్న దగ్గర సంఘం రెండుగా చీలింది. చివరికి పాస్టరుగారు నిలువు కొయ్య పెదనాన్నకి, అడ్డకొయ్య నాన్నకి అప్పగించారు. సమస్య తీర్చానన్న సంతోషంతో ఆయన ఆ వారం అందరినీ రెండుసార్లు పలకరించారు.

రెండు కొయ్యలూ కలిసేచోట గాడి కొయ్యాలి. దీని మందంలో సగం, దాని మందంలో సగం తీసేస్తే ఒకదానిలో ఒకటి కూర్చుని పైభాగం సమంగా వస్తుంది.

"బావగారు ఎంత కోస్తున్నారో వెళ్లి అడగండి" అంది అమ్మ.

"ఆయన అసలు కొయ్యడు. నా కోసం ఎందుకు కోస్తాడు?" అన్నాడు నాన్న. సిలువ ఆగిపోకూడదని తనే ఎక్కువ తగ్గదలిచాడు. పూర్తిగా కోస్తే కొయ్య రెండు ముక్కలవుతుంది కనుక ముప్పాతిక వంతు కోశాడు. కోసేటప్పుడు ఆయన ముఖం చూస్తే పన్ను పీకించుకుంటున్నట్టుంది.

శనివారం చర్చిలో నిలువు కొయ్యని రెండు బల్లల మీద పడుకోబెట్టారు. నాన్న ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని అడ్డకొయ్యని గాడిలోకి దించాం. అది దిగింది. ఆగాల్సినచోట ఆగకుండా ఇంకా దిగి, సగం మందం కిందికి కూరుకుపోయింది. పాస్టరుగారు వంగి చూసి, ఇలాగే ఉంటుందా అని అడిగారు.

పెదనాన్న అడ్డకొయ్యని పైకెత్తి, దాని గాడిలో వేలు పెట్టి కొలిచాడు.

"ఇంత లోతు ఎందుకు కోశావురా?"

"నువ్వు కొయ్యవేమో అనుకున్నాను."

"నేనూ అదే అనుకున్నాను."

ఇద్దరూ గాడి వైపే చూస్తూ కళ్లు తుడుచుకున్నారు. మంచి టేకు పాడైనందుకు ఏడుస్తున్నారని పాస్టరుగారు అనుకుని, కొయ్య సంఘానిదేనని, బాధపడొద్దని సర్దిచెప్పారు.

అప్పుడు నాన్న అన్నాడు. "అమ్మ పెట్టె మూత సరిగ్గానే కూర్చుంది అన్నయ్యా. నన్ను చెయ్యనివ్వలేదని అలా అన్నాను. తప్పు నాది."

"లేదురా. కొంచెం వంకరే" అన్నాడు పెదనాన్న.

నాన్నకి తెలుసు, అది వంకర కాదని. పెదనాన్నకీ తెలుసు. ఆ మాట మీద నాన్న మళ్లీ వాదించలేదు. నాకు తెలిసి ఆయన వాదించకుండా వదిలేసిన మాట అదొక్కటే.

ఖాళీలో వేరే చెక్కముక్క బిగించి సిలువని గోడకి ఎత్తారు. ఆ ముక్క నార గీతలు ఏ వైపు ఉండాలన్న దానిమీద సాయంత్రం దాకా పోట్లాడుకున్నారు. ఆదివారం బెంచీ మీద పక్కపక్కన కూర్చుని అదే పోట్లాట గుసగుసగా సాగించారు.

ఈ ఏడాది నాన్న మంచం పట్టాక, ఒక మధ్యాహ్నం నేను అడిగాను, సిలువ అంటే నీకేమిటి నాన్నా అని. పాస్టరుగారిని అడగమంటాడనుకున్నాను. కాసేపు పైకప్పు దూలాల వైపు చూశాడు. అవి ఆయన చేసినవి కావు.

"మనం సగం దారి వస్తే తనూ సగం వద్దామని దేవుడు కూర్చోలేదు. మనం రాబోమనే అనుకున్నాడు. అనుకుని కూడా మొత్తం దిగి వచ్చాడు. తప్పు మనదైతే, నాది అని తన మీద వేసుకున్నాడు. అంతే" అన్నాడు.

తర్వాత గోడవైపు తిరిగి పడుకుంటూ, ఆ దూలం ఎవరు బిగించారో గానీ రెండు మేకులు తక్కువ కొట్టారని చెప్పాడు.