వ్యానులో లైట్లు పోతే మా బావ చేసిన పని

మా బావ మామూలుగా పది మాటలు అడిగితే ఒక మాట చెప్పే మనిషి. అలాంటివాడు ఉన్నట్టుండి జోకులు వెయ్యడం మొదలుపెట్టాడంటే ఏదో కొంప మునిగిందని అర్థం. అక్కకి పురిటినొప్పులు వచ్చినప్పుడు ఆసుపత్రి వరండాలో కూర్చుని నర్సులందరినీ కడుపుబ్బా నవ్వించాడట. లోపల మాత్రం గుండె దడదడలాడిపోతోందని తర్వాత ఎప్పుడో అక్కతో అన్నాడు. భయం వేస్తే నోరు మూసుకునేవాళ్ళని చాలామందిని చూశాను గానీ, భయం వేస్తే నోరు తెరిచేవాడు నాకు తెలిసి మా బావ ఒక్కడే.

ఆ చలికాలం ఆయన జోకుల మీద జోకులు వేశాడు. నేను పడీపడీ నవ్వాను. నా బుర్ర అంత బాగా పనిచేస్తుంది మరి.

బావది పాత వ్యాను. డయాలసిస్ చేయించుకునేవాళ్ళని పొద్దున్నే ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని ఆసుపత్రిలో దించుతాడు, సాయంత్రం మళ్ళీ ఇళ్ళకి చేరుస్తాడు. పొద్దున పోయేటప్పుడు వాళ్ళు కాస్త మాట్లాడతారు. తిరిగి వచ్చేటప్పుడు ఒంట్లో ఓపిక ఉండదు, తలలు వాల్చేసి కూర్చుంటారు. వాళ్ళకి కుదుపు తగలకూడదని బావ రోడ్డు మీద ప్రతి గుంటకీ పేరు పెట్టుకున్నాడు. ఒకదాని పేరు నా పేరే. ఎంత పూడ్చినా మళ్ళీ నోరు తెరుస్తుందట.

వ్యానులో ఒక రేడియో ఉంది. సాయంత్రం పూట సన్నగా పాత పాటలు పెడతాడు. రిటైరైన టీచరమ్మ ఒకావిడ సరిగ్గా డ్రైవరు సీటు వెనకే కూర్చుంటుంది. ఆవిడకి పాట నచ్చకపోతే, కళ్ళు మూసుకునే ఉండి, "బాబూ, మార్చు" అంటుంది. బావ మారుస్తాడు.

ఆ చలికాలంలో ఆయన మార్చడం మానేశాడు. ఒకసారి మార్చబోతే పాట పోయి గరగరమని చెవులు చిల్లులు పడే మోత వచ్చిందట. "స్టేషనులో వాళ్ళు పకోడీలు వేయించుకుంటున్నారమ్మా" అన్నాడట బావ. టీచరమ్మ నవ్విందట. పగటిపూట బటన్లన్నీ వేళ్ళతో తడిమి తడిమి గుర్తుపెట్టుకుంటున్నాడని ఎవరికి తెలుసు?

ఇంట్లో ఇంకో గొడవ. ఆయనకి క్యారెట్ల పిచ్చి పట్టుకుంది. జన్మలో కూరగాయ ముట్టమంటే మొహం ముడుచుకునే మనిషి, పచ్చి క్యారెట్లు కరకరా నములుతూ తిరుగుతున్నాడు. అక్క నాకు ఫోను చేసి, "ఒరేయ్, మీ బావ గోడ మీద క్యాలెండరు ముందు నిలబడి ఒక కన్ను మూసి చూస్తున్నార్రా. తర్వాత ఇంకో కన్ను మూసి చూస్తున్నారు. అడిగితే క్యాలెండరుకి కన్ను కొడుతున్నానంటున్నారు. నాకేదో భయంగా ఉంది" అంది.

"వయసొచ్చింది కదక్కా, ఇన్నాళ్ళకి సరసం పుట్టింది" అన్నాను నేను.

"నీ మొహం" అని ఫోను పెట్టేసింది.

కొద్దిరోజులకి నా బండి మొరాయించింది. సాయంత్రం ఆసుపత్రి దగ్గర బావ వ్యాను ఎక్కి ముందు సీట్లో కూర్చున్నాను. వెనక అందరూ సర్దుకున్నారు. అప్పటికే చీకటి పడుతోంది. బావ నత్తనడకన పోనిస్తున్నాడు. ఒక బస్సు వెనక చేరి, దాని ఎర్ర లైట్లు పట్టుకుని పోతున్నాడు. ఆ బస్సు ఆగితే ఆగుతున్నాడు, కదిలితే కదులుతున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఎంత స్పీడులో పోతున్నావు బావా?" అని మీటరు వైపు తొంగి చూశాను. అక్కడ ఏముంది? నల్లగా మసి. స్పీడు ముల్లు లేదు, పెట్రోలు ముల్లు లేదు. రేడియో కూడా నల్లటి రేకులా ఉంది, పాట మాత్రం వస్తోంది.

"ఇదేంటి బావా? మీటర్ల లైట్లు పోయాయి కదా!"

బావ బ్రేకు వేశాడు. వ్యాను మెల్లగా పక్కకి తీసి ఆపాడు. నా వైపు తిరిగాడు. ఆయన మొహం అలా ఎప్పుడూ చూడలేదు.

"నీకూ కనపడట్లేదా?" అన్నాడు.

"వెలగని లైటు ఎవరికి కనపడుతుంది?"

"నిజంగా? ఒట్టు?"

"నీ మీద ఒట్టు. ఏంటి బావా నీ గోల?"

అంతే. స్టీరింగు మీద తల ఆనించి నవ్వడం మొదలుపెట్టాడు. భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి గానీ నాకు అర్థం కాలేదు, ఆయన ఏడుస్తున్నాడని. వెనక నుంచి టీచరమ్మ, "ఏమైంది బాబూ?" అని అడిగింది. "ఏం లేదమ్మా, లైటు పోయింది" అన్నాడు బావ, ఏదో శుభవార్త చెప్పినట్టు.

అందరినీ దించాక దారిలో చెప్పాడు. బావ వాళ్ళ నాన్న బస్సు డ్రైవరు. నడివయసులో రేచీకటి వచ్చింది. ఉద్యోగం పోతుందని ఎవరికీ చెప్పలేదు. మీటర్లు మసకబారినా, రోడ్డు మసకబారినా అలవాటు మీద లాక్కొచ్చాడు. ఒక సాయంత్రం బస్సుని వంతెన గోడకి కొట్టాడు. ప్రాణాలు పోలేదు గానీ కండక్టరు కాలు పోయింది. ఆ తర్వాత ఆయన చనిపోయేదాకా గడప దాటలేదు. కండక్టరు ఎదురుపడతాడేమోనని.

"మీటరు లైట్లు ఒక్కసారి ఆరిపోయి ఉంటే బండిదే తప్పని తెలిసేది. రోజురోజుకీ కొంచెం కొంచెం మసకబారాయి. నాన్నకి కూడా అలాగే మొదలైంది. ఇక నా వంతు వచ్చిందనుకున్నా" అన్నాడు.

"ఇంతకాలం స్టీరింగు పట్టుకున్నావు కదా, లైటు చూసుకోవాలని తట్టలేదా?"

"తట్టలేదురా. ఒకరిని అడిగితే బయటపడుతుంది. బయటపడితే బండి పోతుంది."

నాకు కోపం ముంచుకొచ్చింది. కళ్ళు పోతున్నాయని నమ్ముతూ, అంతమంది జబ్బు మనుషుల్ని వెనక కూర్చోబెట్టుకుని తిప్పాడా? నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆయన అప్పుడే చెరలోంచి బయటపడ్డవాడిలా ఉన్నాడు. మింగేశాను.

మర్నాడు రోగులని ఆసుపత్రిలో దించాక వ్యానుని ఫ్యూజు షెడ్డుకి తీసుకెళ్ళాం. ఫ్యూజు అంటే బండ్ల కరెంటు పనులు చేసే మనిషి. అసలు పేరు వాడికే గుర్తులేదు. ఏ బండి వచ్చినా, ఏ రోగం వచ్చినా, ముందు "ఫ్యూజు పోయింది" అంటాడు. నూటికి తొంభైసార్లు పోదు. అయినా మానడు.

"ఫ్యూజు పోయిందన్నా" అన్నాడు, వ్యాను ఇంకా ఆగకముందే.

"వెనక లైట్లు వెలుగుతున్నాయి కదరా. రెండిటికీ ఒకటే ఫ్యూజు" అన్నాడు బావ. ఆ రోజు ఆయన గొంతులో హుషారు చూడాలి. రాత్రంతా హాయిగా నిద్రపోయాడని అక్క చెప్పింది.

ఫ్యూజు నమ్మలేదు. డబ్బా మూత తీసి, ఒక్కొక్క ఫ్యూజూ పీకి, వెలుతురులో పెట్టి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. మొహం మాడ్చుకుని, మరలు విప్పి మీటర్ల పెట్టె మొత్తం బయటికి లాగాడు. దాని వెనక బఠాణీ గింజలంత బల్బులు. ఒక్కొక్కటీ తీసి బ్యాటరీకి పెట్టి చూశాడు. ఒకటి మాడిపోయింది, మిగతావన్నీ వెలిగాయి.

"బల్బులూ కాదు" అన్నాడు, ఎవరో మోసం చేసినట్టు.

"మరి రేడియో లైటు ఎందుకు పోయింది?" అన్నాను.

"అదీ ఈ తీగ నుంచే తాగుతుందన్నా. పైన ఎండితే కిందా ఎండుతుంది."

అప్పుడే అక్క వచ్చింది. ఫ్లాస్కులో టీ పట్టుకుని, చెప్పులు టపటపలాడించుకుంటూ. ఇంట్లో కూర్చోలేకపోయిందట. "ఇంతకీ బండిదేనా రోగం? మనిషిది కాదుగా?" అని ముగ్గురినీ వరసగా అడిగింది. ముగ్గురం వరసగా మనిషిది కాదన్నాం. అయినా వెళ్ళకుండా పాత టైరు మీద కూర్చుంది.

మీటరు పక్కన చిన్న పళ్ళ చక్రం ఒకటి ఉంటుంది. దాన్ని తిప్పితే లైట్ల వెలుగు పెరుగుతుంది, తగ్గుతుంది. బావ దాన్ని ఎప్పుడో ఒకచోట పెట్టి మర్చిపోయాడు. కరెంటు ఉంటే వెలిగే టెస్టు లైటు పట్టుకుని ఫ్యూజు చక్రంలోకి వచ్చే తీగకి పెట్టాడు. వెలిగింది. చక్రంలోంచి పోయే తీగకి పెట్టాడు. వెలగలేదు.

"దొరికాడు దొంగ!" అని అరిచాడు.

చక్రం ఊడదీసి చూపించాడు. లోపల సన్నటి తీగ చుట్ట తుప్పు పట్టి, కాలి, నల్లబడి ఉంది. ఇన్నాళ్ళూ వెలుగుని కొద్దికొద్దిగా తినేస్తూ వచ్చి చివరికి తెగిపోయింది. కొత్త చక్రం తెప్పించాలన్నాడు. అప్పటిదాకా చక్రాన్ని వదిలేసి రెండు తీగల్నీ కలిపేస్తే లైట్లు నిండుగా వెలుగుతాయన్నాడు. మాడిన బల్బు మార్చాడు. తీగలు కలిపి టేపు చుట్టి, పెట్టె లోపలికి తోశాడు. ఇదంతా తేలేసరికి సాయంత్రమైంది, షెడ్డులో అప్పటికే మసక చీకటి.

"స్విచ్చు వెయ్యన్నా."

బావ వేశాడు. పచ్చగా, నిండుగా, పెళ్ళింటిలా వెలిగింది. రేడియో నారింజ రంగులో మెరిసింది. అక్క చప్పట్లు కొట్టింది. నిజంగానే కొట్టింది. నేను ఫ్యూజు వీపు మీద చరిచాను. నా ప్రాణం లేచొచ్చింది.

ఫ్యూజు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, "పనిలో పని, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చదువన్నా. ఆయిలు మార్చాలేమో చూద్దాం" అన్నాడు.

బావ ముందుకి వంగాడు. ఇంకొంచెం వంగాడు. వెనక్కి జరిగి చూశాడు.

"లైటు నిండుగానే పెట్టావా?" అన్నాడు.

"ఇంతకన్నా ఎక్కువ ఉండదన్నా. కళ్ళు జిగేల్మంటున్నాయి."

నేను కిటికీలోంచి తల పెట్టి చూశాను. అంకెలు గుండ్రంగా, తెల్లగా, ఎంచక్కా ఉన్నాయి. చదవబోయాను. బావ చెయ్యి ఎత్తి ఆపాడు.

ఆయన ఏదో ఒక అంకె చెప్పేస్తే సరిపోయేది. సరిగ్గా చెప్పాడో లేదో ఫ్యూజు చూసేవాడు కాదు. అక్క టీ పోసేస్తోంది. అందరం ఆనందంగా ఉన్నాం. ఒక్క అబద్ధం ఆడితే బండి ఆయనదే, స్టీరింగు ఆయనదే.

"ముళ్ళు కనిపిస్తున్నాయి. అంకెలు కనిపించట్లేదు" అన్నాడు.

ఫ్యూజు చేతిలో గుడ్డ పక్కన పడేసి దగ్గరికొచ్చాడు.

"చీకటి పడితే రోడ్డు కూడా సరిగ్గా కనిపించట్లేదు. ఎదురొచ్చే లైట్లన్నీ పొగలా ఉంటున్నాయి. నిన్న మీటరు లైట్లే పోయాయంటే, అదీ ఇదీ ఒకటేలే అనుకున్నా. కాదు."

అక్క గ్లాసు టైరు మీద పెట్టేసి లేచింది. టీ ఒలికింది. "బండిదే అన్నారు కదరా" అని నా వైపు చూసింది, తీర్పు నా చేతిలో ఉన్నట్టు. రాత్రి మింగిన కోపం ఎటు పోయిందో తెలియదు. ఆయన్ని గట్టిగా పట్టుకోవాలనిపించింది. మా ఇళ్ళల్లో మగవాళ్ళం అలా పట్టుకోం. ఊరికే నిలబడ్డాను.

బావ తాళం చెవి తీసి నా చేతిలో పెట్టాడు. "ఆసుపత్రిలో వాళ్ళు ఎదురుచూస్తుంటారు. పద" అన్నాడు.

"నేనా? నా డ్రైవింగుని నువ్వే కదా తిడతావు?"

"ఇవాళ కూడా తిడతాను."

ఆసుపత్రి దగ్గర అందర్నీ చెయ్యి పట్టి ఎక్కించి, బావ చివరగా ఎక్కాడు. ముందుకి రాలేదు. టీచరమ్మ పక్కన ఖాళీ ఉంటే అక్కడ కూర్చున్నాడు. "కళ్ళు చూపించుకోవాలమ్మా, అందాకా మా బామ్మర్ది తోలుతాడు" అని అందరికీ వినపడేలా చెప్పాడు. టీచరమ్మ కాస్త జరిగి చోటిచ్చింది.

దారి పొడుగునా తిట్టాడు. "ఇంజను అరుస్తోంది, గేరు మార్చు. ఎడమ వైపు గుంట ఉంది, నెమ్మది." చూడకుండానే అన్నీ చెప్పాడు. నా వెనక ఇంతమంది ఉన్నారన్న భయం ఎంత బరువో అప్పుడు తెలిసింది. ఆయన దాన్ని రోజూ మోశాడు, కళ్ళ భయం దానికి తోడు.

చివరి ఇంటి దగ్గర దించాక అడిగాను, "రేపు ఎన్నింటికి రమ్మంటావు బావా?"

వెనక సీటు నుంచి కదల్లేదు ఆయన. "పొద్దున్నే రా. వీళ్ళందర్నీ ఆసుపత్రిలో దించు. ఆ తర్వాత నన్ను కళ్ళ డాక్టరు దగ్గర దించు" అన్నాడు.