పెద్ద సర్జన్‌గారి మెడ మీద గడ్డ

పెద్ద సర్జన్‌గారికి అటూ ఇటూ కానిదంటే ఒళ్లుమంట. ఆయన గది తలుపు తీసైనా ఉండాలి, మూసైనా ఉండాలి. ఓరగా ఉందా, నర్సులకు మూడినట్టే. ఇక అండాశయంలో గడ్డ కేన్సరూ కాదు, మామూలు గడ్డా కాదు, రెంటికీ మధ్యదని రిపోర్టు వస్తే, ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టే రకం. ఇవాళ ఎదురుగా, ఇంకా పిల్లలు పుట్టని టీచరమ్మ కూర్చుంది. గడ్డ ఎడమవైపే, కుడివైపు శుభ్రంగా ఉంది.

"ఒకవైపే తీసి, రెండోదాన్ని స్కానింగులతో కనిపెట్టి ఉండొచ్చటగా సార్?"

"కనిపెట్టి కూర్చోడానికి నేనేమన్నా కాపలావాణ్ణా? గర్భసంచితో సహా అన్నీ తీసేస్తే పీడా పోతుంది," అంటూ ఆయన అలవాటుగా మెడ వెనక నిమ్మకాయంత కొవ్వుగడ్డను ముద్దుగా నిమురుకున్నారు.

టీచరమ్మ చూపు దానిమీదే ఆగింది. "మరి అది తీయించుకోలేదేం సార్?"

"ఇదా? ఏళ్లుగా ఉందమ్మా. దాని మానాన అది ఉంది, కెలకడమెందుకు?"

ఆమె ఫైలు సర్దుకుని లేచింది. "నా కుడివైపుదీ అంతే సార్, దాని మానాన అది ఉంది. ఎడమదొక్కటే తీసే డాక్టర్ని వెతుక్కుంటాను."

వెళ్తూ వెళ్తూ తలుపు ఓరగా వదిలేసింది.