పెద్ద మేడం ఓటుకి దయమ్మ సాక్షి

దయమ్మకి కాదనడం రాదు. పందొమ్మిదేళ్ళుగా ఖతర్‌లో ఇళ్ళు మారాయి, మేడంలు మారారు, ఆమె నోట్లోంచి వచ్చే "యస్ మేడం" మాత్రం మారలేదు. అందుకే ఆ గురువారం పొద్దున, అల్ రయ్యాన్‌లోని ఆ విల్లా వంటింట్లో గిన్నెలు తుడుస్తున్నదల్లా ఆగిపోయింది. ఒకే పని గురించి ఇద్దరు మేడంలకి రెండు రకాలుగా "యస్" చెప్పేసింది.

పెద్ద మేడం పేరు లొరెట్టా. ఎనభై రెండేళ్ళ అమెరికా మనిషి. అక్కడ పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరై, చూపు పోయాక దోహాలో ఉద్యోగం చేస్తున్న కూతురి దగ్గరికి వచ్చేసింది. మొన్న మార్చిలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. తెలివికి మాత్రం ఏ లోటూ లేదు. కూతురు జూడిత్, ఆమే చిన్న మేడం. దయమ్మకి జీతం ఇచ్చేదీ, డిసెంబరులో గడువు తీరిపోయే ఖతర్ ఐడీని రెన్యూ చేయించాల్సిందీ ఆమే. ఆ ఐడీ ఉంటేనే దయమ్మకి ఇక్కడ నిలువనీడ. అది ఉంటేనే రాజమండ్రిలో నర్సింగ్ రెండో ఏడు చదువుతున్న కూతురు ఫెబి మూడో ఏట్లోకి వెళ్తుంది.

బుధవారం సాయంత్రం పెద్ద మేడం పిలిచి, రేపు ఓటు కాగితం పూర్తి చేద్దామంది. కొరియర్‌కి గురువారం పన్నెండింటిలోగా ఇస్తేనే వాళ్ళ రాష్ట్రానికి గడువులోగా చేరుతుంది. శుక్రవారం దాకా ఆగితే ఇక అంతే. దయమ్మ యస్ అంది. తెల్లారి చిన్న మేడం ఆఫీసుకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటూనే చెప్పింది, అమ్మని ఆ పుస్తకం జోలికి పోనివ్వద్దని. అవన్నీ చదివించుకుంటే బీపీ పెరుగుతుంది, డాక్టరు విశ్రాంతి అన్నాడు, ఈ ఏడాదికి ఓటు లేకపోతే ఏమీ కాదు. దయమ్మ దానికీ యస్ అంది.

ఆ పుస్తకం సంగతి చెప్పాలి. పెద్ద మేడం రాష్ట్రంలో ఎన్నికలకి ముందు ప్రభుత్వమే అచ్చు వేయించి ఓటర్లున్న ప్రతి ఇంటికీ పంపుతుందట. ఆమె పాత ఇంటికి వచ్చినదాన్ని ఎవరో స్నేహితురాలు దోహాకి పంపింది. అక్కడి జనం మనుషులకే కాదు, చట్టాలకీ ఓటేస్తారు. ఫలానా చట్టం తేవాలా వద్దా అని నేరుగా జనాన్నే అడుగుతారు. అవునంటే ఏమవుతుంది, కాదంటే ఏమవుతుంది, కావాలనేవాళ్ళ వాదనేమిటి, వద్దనేవాళ్ళ వాదనేమిటి, అన్నీ పక్కపక్కనే వేసి ఉంటాయి. వెనక పేజీల్లో జడ్జీలుంటారు. ఉన్న జడ్జిని ఇంకో దఫా ఉంచాలా, పంపించేయాలా అని కూడా ఓటే. ఆ జడ్జి గురించి కోర్టుకి వెళ్ళినవాళ్ళూ వకీళ్ళూ ఏమన్నారో ఒక కమిటీ అడిగి తెలుసుకుని పేజీకి ఒకరి చొప్పున రాసిపెడుతుంది.

పుస్తకం గొప్పగా ఉందని కాదు. సగం వాక్యాలు వకీళ్ళకి తప్ప ఎవరికీ కొరుకుడుపడవు. కానీ అది తొలిసారి చదివినప్పుడు దయమ్మ ఒక్కో పేజీ రెండేసిసార్లు చదువుకుంది. రాజోలు పక్కన ఆమె ఊళ్ళో ఆమె ఓటేసింది నాలుగుసార్లు. నాలుగుసార్లూ ఇంటికొచ్చింది పేరున్న చీటీ, ఏ గుర్తుకి వేయాలో చెప్పే పెద్దమనిషీ. ఎందుకు వేయాలో చెప్పే కాగితం ముక్క ఒక్కటీ రాలేదు. ఇక్కడికి వచ్చాక జాబితాలోంచి ఆమె పేరు ఎప్పుడు ఎగిరిపోయిందో ఆమెకే తెలీదు. ఉంటున్న దేశంలో ఓటు లేదు, పుట్టిన దేశంలో ఓటు పోయింది. ఈ ఎడారిలో ఇతరుల ఇళ్ళు నడిపే మన ఆడవాళ్ళలో ఎంతమంది పరిస్థితి ఇదేనో ఏ ప్రభుత్వమూ లెక్క చెప్పదు.

ఎనిమిదిన్నరకి పెద్ద మేడం గదిలోంచి గంట మోగించింది. దయమ్మ వెళ్ళి గుమ్మంలో నిలబడింది. చిన్న మేడం చెప్పిన మాట చెప్పేయాలనుకుంది. పెద్ద మేడం అప్పటికే ఉతికిన చొక్కా వేయించుకుని, ఎడమ చేత్తో తల దువ్వుకుని, బల్ల ముందు చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. చర్చికి బయల్దేరిన మనిషిలా ఉంది. దయమ్మ పక్కన కూర్చుని పుస్తకం తెరిచింది.

చదవడం ఆమెకి కొత్త కాదు. అబూ హమూర్ చర్చిలో శుక్రవారం జరిగే తెలుగు ఆరాధనలో వాక్యం చదివేది ఆమే. తెలుగు బైబిల్ పక్కన ఇంగ్లీషు బైబిల్ పెట్టుకుని వేలితో వరస వెంబడి పోతూ ఇంగ్లీషు నేర్చుకుంది. అందుకే చట్టం చదివినా సువార్త చదివినట్టే ఉంటుంది, ఒక్కో మాట విడదీసి, గొంతు ఎత్తి. పెద్ద మేడానికి ఆ చదువే ఇష్టం. మిగతావాళ్ళు చదివితే నన్ను నిద్రపుచ్చుతున్నట్టుంటుంది, నువ్వు చదివితే నన్ను తిడుతున్నట్టుంటుంది అనేది.

పెద్ద పదవులకి ఎవరో ఆమె ముందే తేల్చుకుంది. చట్టాలు ఏడు. ఒక్కోదానికి రెండు వైపులా చదివించుకుని, కళ్ళు మూసుకుని, అవుననో కాదనో చెప్పింది. దయమ్మ ఆ మాటకెదురుగా ఉన్న గుండ్రటి గడిని పెన్నుతో నింపింది. గడియారం చూస్తూనే ఉంది. గేటు చప్పుడైతే పుస్తకం మూయబోయి ఆగుతోంది. పదింబావుకి జడ్జీల దగ్గరికి వచ్చారు.

మూడో జడ్జి పేజీలో దయమ్మ వేలు ఒక వరస మీద ఆగింది. అందరితో మర్యాదగా ఉంటాడు, చెప్పేది వింటాడు, కానీ తీర్పులు ఆలస్యమవుతాయి, కేసులు నెలల తరబడి నానుతాయి అని రాసి ఉంది.

నానడమంటే దయమ్మకి తెలుసు. భర్త ఎడ్విన్‌ని ఇసుక లారీ గుద్దేసిన కేసు అమలాపురం కోర్టులో పదకొండేళ్ళు నడిచింది. ఆ పదకొండేళ్ళలో ఆమె విన్న మాట ఒక్కటే, వాయిదా. వాయిదాల మధ్యనే ఆమె విమానం ఎక్కింది. తీర్పు వచ్చేనాటికి సాక్షుల్లో ఇద్దరు చచ్చిపోయారు.

"ఉంచాలి" అంది పెద్ద మేడం.

దయమ్మ పెన్ను కదల్లేదు.

"విన్నావా దయా? నేనొకసారి జ్యూరీలో కూర్చున్నాను ఆయన కోర్టులో. నత్తి ఉన్న కుర్రవాడు సాక్ష్యం చెబుతుంటే గంటసేపు ఎవర్నీ తొందరపెట్టనివ్వలేదు. ఆలస్యమైతే అయింది. ఉంచాలి."

రెండు గడులు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, పైన ఉంచాలి, కింద వద్దు. పెద్ద మేడానికి కనపడదు. అడిగేవాళ్ళు లేరు. ఏ దేశంలోనైతేనేం, వాయిదాలు వేసే ఒక్క జడ్జినైనా కుర్చీలోంచి లేపే అవకాశం దయమ్మ చేతికి వచ్చింది. జీవితంలో ఇంకెప్పుడూ రాదు. పెన్ను మొన కింది గడి మీదికి వెళ్ళింది. పెద్ద మేడం ముఖం అటు తిప్పి కిటికీ వైపు చూస్తూ ఉంది, చూపు లేకపోయినా. అంత నిశ్చింతగా.

దయమ్మ పై గడి నింపింది. ఉంచాలి అని. నింపాక పైకి చదివి వినిపించింది, గొంతు ఎత్తి.

అసలు పొరపాటు తర్వాత జరిగింది. కవరు మీద ఓటరు సంతకం పెట్టాల్సిన చోటు వచ్చింది. పెద్ద మేడం ఎడమ చేత్తో పెన్ను పట్టుకుని ప్రయత్నిస్తే మొన గాల్లోనే వణికింది. పదకొండు కావస్తోంది. దయమ్మకి ఆ క్షణంలో వాళ్ళమ్మ గుర్తొచ్చింది. రేషన్ దగ్గరా, బ్యాంకు దగ్గరా, చివరికి భూమి కాగితాల మీదా అమ్మ వేసింది నిశానీయే. చర్చిలో పిల్లల చేతుల మీద నక్షత్రం ముద్ర వేయడానికి పెట్టుకున్న నీలం స్టాంపు ప్యాడ్ తన గదిలోంచి తెచ్చింది. పెద్ద మేడం ఎడమ బొటనవేలు దాని మీద అద్ది, కవరు మీద గడిలో చక్కగా, అంచులు చెదరకుండా నొక్కింది.

"ఏం చేశావు?"

"నిశానీ వేయించాను. సంతకం బదులు."

పెద్ద మేడం తడి వేలిని ఎత్తి పట్టుకుంది. సంతకాన్ని పాత సంతకంతో పోల్చి చూస్తారని, కలవకపోతే కవరు విప్పకుండానే పక్కన పడేస్తారని మెల్లగా చెప్పింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే దయమ్మకి కొంత తేలికగా ఉండేది. ఇంకో కవరు లేదు. వేలిముద్ర తుడిస్తే పోదు.

దయమ్మ పుస్తకం లాక్కుని వెనక నుంచి ముందుకి తిప్పింది. అక్షరాలు అలుక్కుపోతున్నాయి. వేలు పెట్టి వరస వరస వెతికింది, ఇంగ్లీషు నేర్చుకున్న రోజుల్లోలా. చివరి అట్టకి ముందు పేజీలో, అతి చిన్న అక్షరాల్లో ఉంది. సంతకం చేయలేని ఓటరు గుర్తు వేయవచ్చు. అది చూసిన సాక్షి పక్కన తన పేరు, సంతకం, చిరునామా రాయాలి. చదివి వినిపిస్తే పెద్ద మేడం ఇంకోసారి చదవమంది.

సాక్షి ఎవరు? గదిలో ఉన్నది దయమ్మ ఒక్కతే.

డ్రైవరు ఓబులయ్య వంటింటి గుమ్మంలో చాయ్ కోసం నిలబడి ఉన్నాడు. కడప జిల్లా మనిషి. పెద్ద మేడాన్ని ఆసుపత్రికి తీసుకుపోవడానికి ఉంచిన బండి నడిపేది అతనే. సంగతి చెప్పి, కవరు కొరియర్‌కి ఇచ్చి రమ్మంటే చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

"నీకేమన్నా మతి పోయిందా అక్కా? మనది గాని దేశంలో కూసోని, ఇంగో దేశం ఓటు కాయితం మింద సంతకం పెడతావా? రేప్పొద్దన ఎవురన్నా అడిగితే?"

"తప్పు కాదని పుస్తకంలో ఉంది తమ్ముడూ. గవర్నమెంటు పుస్తకం."

"ఆ గవర్నమెంటు నిన్ను ఊరికి పంపీకుండా ఆపుతాదా? ఇంగోటి చెప్తా విను. ఈ బండి గేటు దాట్తానే చిన్న మేడం ఫోన్లో టింగుమంటాది. నేను మాత్రం ఆయమ్మ చెప్పకుండా కదిలించను. నాకూ పిల్లోళ్ళుండారు."

అతన్ని తప్పు పట్టడానికి లేదు. దయమ్మ గదిలోకి తిరిగి వచ్చింది. కవరు మీద ఇంగ్లీషులో తన పేరు రాసింది. సంతకం పెట్టింది. చిరునామా దగ్గర ఆగిపోయింది. పోస్టు బాక్సు నంబరు చిన్న మేడం కంపెనీది. ఇల్లు చిన్న మేడానిది. ఆ గడి ఖాళీగా వదిలేసి, ఫోను తీసి చిన్న మేడానికి చేసింది. పందొమ్మిదేళ్ళలో ఆమె తన తప్పు తానే ఫోన్ చేసి చెప్పడం అదే మొదలు. ఓటు పూర్తయిందని, కొరియర్‌కి బండి కావాలని చెప్పింది. అటు నుంచి వచ్చింది ఒక్క మాట, వస్తున్నాను అని.

ఇరవై నిమిషాలు. దయమ్మ తన గదిలో మంచం కింద సూట్‌కేసు వైపు రెండుసార్లు చూసింది. ఫెబికి ఏమని చెప్పాలో మనసులో కూర్చుకుంటే ఒక్క మాటా కుదరలేదు.

చిన్న మేడం పదకొండూ ఇరవైకి వచ్చింది. తల్లి వైపు వెళ్ళలేదు, నేరుగా దయమ్మ దగ్గరికి వచ్చింది.

"నేను వద్దన్నానా లేదా?"

"వద్దన్నారు మేడం."

"అమ్మకి కనపడదు. గడులు నువ్వు నింపావు. ఆమె చెప్పినవే నింపావని నాకెలా తెలుస్తుంది?"

దయమ్మ దీనికీ యస్ అనే మాట వెతుక్కుంది. దొరకలేదు.

"మూడో జడ్జిని తీసేయాలని నాకనిపించింది మేడం. మా ఆయన కేసు పదకొండేళ్ళు నానబెట్టారు. పెన్ను వద్దు దగ్గరికి పోయింది కూడా. అమ్మగారు ఉంచమన్నారు. ఉంచాలనే దిద్దాను. కావాలంటే ఆవిణ్ణి అడగండి ఏమన్నారో, కాగితం విప్పి చూడండి ఏముందో."

చిన్న మేడం తల్లిని అడిగింది. మూడో జడ్జి? ఉంచాలి అంది పెద్ద మేడం గదిలోంచి, అంత గట్టిగా అక్కర్లేకపోయినా. కాగితం ఇంకా కవరులో పెట్టలేదు. చిన్న మేడం చూసింది. పై గడి నిండి ఉంది. కింది గడి పక్కన పెన్ను మొన ఆగిన చోట ఒక చిన్న నీలం చుక్క.

ఆమె కాగితం మడిచి కవరులో పెట్టి అంటించింది. వేలిముద్ర వైపు చూసింది. పక్కన సాక్షి పేరు చదివింది.

"చిరునామా ఎందుకు రాయలేదు?"

"ఈ ఇల్లు నాది కాదు కదా మేడం."

చిన్న మేడం పెన్ను అడిగి తీసుకుని నిలబడే రాసింది. విల్లా నంబరు, వీధి, జోన్, అల్ రయ్యాన్. రాసి ఓబులయ్య చేతికి ఇస్తూ యల్లా, త్వరగా అంది. పన్నెండుకి ముప్పావు గంట కూడా లేదు. బండి గేటు దాటగానే ఆమె చేతిలో ఫోను టింగుమంది. ఆమె దాన్ని చూడకుండా సంచీలో పడేసి, మళ్ళీ ఆఫీసుకి వెళ్ళిపోయింది. డిసెంబరు సంగతి ఎత్తలేదు.

దయమ్మ పెద్ద మేడం బొటనవేలు సబ్బుతో కడిగింది. తన వేళ్ళకీ ఇంకు అంటుకుని ఉంది. రెండుసార్లు తోమినా గోరు వారన నీలం పోలేదు. మధ్యాహ్నానికి కూర తరుగుతూ కూడా ఆ గోరే చూసుకుంటూ ఉంది. గేటు చప్పుడైతే చాలు, ఓబులయ్య తిరిగొచ్చాడేమోనని చెవి అటు పోతోంది.