ఆరూ సల్లగున్నయ్ మేడం

2011, సెప్టెంబరు నెలాఖరు. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. ఆర్టీసీ బస్సులు డిపోలు దాటి రావడం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల షట్టర్లు సగం దించే ఉంటున్నాయి. నేను అద్దెకుండేది అక్కడే, పనిచేసేది ఎల్బీనగర్ దాటాక ఒక చిన్న పరిశోధన సంస్థలో. మాది తెనాలి. ఊరి పేరు చెప్పగానే ఎదుటివాళ్ల మొహం మారుతుందేమోనని చూసుకునే రోజులవి. మొహాలు మారింది తక్కువే, నేను చూసుకున్నది మాత్రం చాలా ఎక్కువ.

ఏం ఉద్యోగం అని ఎవరైనా అడిగితే, ఎలుకలకు మలేరియా తెప్పించడం అని చెప్పేదాన్ని. వాళ్లు నవ్వేసి మాట మార్చేవాళ్లు. కానీ పని నిజంగా అదే. మనుషులకు సోకని, ఎలుకలకే వచ్చే మలేరియా క్రిమి ఒకటుంది. అందులో తేలికపాటి రకం సోకితే ఎలుక కొన్నాళ్లు నీరసపడి కోలుకుంటుంది. ప్రాణాంతకమైన రకం సోకితే వారం గడవడమే కష్టం. మొదటి రకాన్ని తట్టుకుని లేచిన ఎలుక రెండోదాన్ని కూడా తట్టుకుంటుందని అందరికీ తెలుసు. అయితే మధ్యలో నెలలు గడిచిపోతే? ఒంట్లో మెమరీ సెల్స్ అని ఉంటాయి, ఒకసారి పోరాడిన శత్రువును గుర్తుపెట్టుకునే కణాలు. అవి అన్నాళ్లు గుర్తుపెట్టుకుంటాయా అన్నదే నా ప్రశ్న.

దానికోసం ఆరు ఎలుకలను ఐదు నెలలు పెంచాను. తేలిక రకం వచ్చి తగ్గినవి. ఎథిక్స్ కమిటీ, అంటే జంతువులను అనవసరంగా హింసించకుండా కాపలా కాసే కమిటీ, ఇచ్చిన అనుమతి ఆ ఆరింటికే. అవి పోతే ప్రశ్న కూడా అక్కడితో ఆఖరు. వాటికి ప్రాణాంతక రకం ఎక్కించి, నేను చెప్పబోయే రోజుకు ఎనిమిదో రోజు. పోలిక కోసం పక్కన పెట్టిన కంట్రోల్ ఎలుకలు, అంటే ఎప్పుడూ మలేరియా సోకనివి, అప్పటికే జబ్బు ముదిరిపోతే నొప్పి తెలియకుండా నిద్రపుచ్చి చంపేశాం. ఇక మిగిలింది ఈ ఆరే.

వాటిని చూసుకునేది యాదయ్యగారు, యానిమల్ హౌస్ టెక్నీషియన్. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో కిరాయికి ఉంటున్నారు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. సమ్మె మొదలైన నాటి నుంచి తెల్లకోటు మీద నల్ల బ్యాడ్జీ పెట్టుకునే వచ్చేవారు. ఆఫీసుకు సమ్మె గానీ ఎలుకలకు కాదు కదా అని రోజూ నడిచి వచ్చి మేత వేసి నీళ్లు మార్చేవారు. నేను చేరి ఆరు నెలలే. మా మాటలన్నీ పని గురించే. సమ్మె గురించి ఆయన ఎత్తరు, నేనూ ఎత్తను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మనకు మలేరియా వస్తే ఒళ్లు కాలిపోతుంది. ఎలుకకు జబ్బు ముదిరితే ఒళ్లు చల్లబడిపోతుంది. మామూలుగా ముప్పై ఆరుండేది ముప్పై రెండు డిగ్రీలకు దిగిందంటే ఇక లేవదని లెక్క. దాన్ని హ్యూమేన్ ఎండ్‌పాయింట్ అంటారు. అంతకు మించి బాధ పడనివ్వకూడదు, నిద్రపుచ్చేయాలి. యాదయ్యగారు ఆ పనిలో శిక్షణ పొందినవారే. రోడ్లు మూసిన రోజుల్లో వెటర్నరీ డాక్టరు రాలేకపోతే నేను ఫోన్లో ఒక మాట చెబితే చాలని ముందే అనుకున్నాం.

ఆ ఉదయం రాస్తారోకో. ఆటో ఒక్కటి కూడా లేదు. పదింటికి యాదయ్యగారి ఫోన్. లైనంతా గరగర. ఎలా ఉన్నాయని అడిగాను.

"ఆరూ సల్లగున్నయ్ మేడం."

చల్లబడిపోయాయన్నమాట, ఆరూ. అన్నీనా అని మళ్లీ అడిగాను. అన్నీ సల్లగున్నయ్ అన్నారాయన, అదే గొంతుతో. ఏమాత్రం బాధ లేని ఆ గొంతు మీద నాకు కోపం కూడా వచ్చింది, నిజం చెప్పొద్దూ.

"అయితే ఇంక బాధ పెట్టొద్దండీ. నిద్రపుచ్చేయండి" అన్నాను.

"ఏంది మేడం?" అన్నారు. అంతలో లైన్ కట్టయింది. మళ్లీ చేస్తే మోగుతోంది కానీ ఎత్తడం లేదు. ఫోన్లు లోపలి గదిలోకి తీసుకెళ్లం, బయట లాకర్లో పెట్టి వెళతాం. లోపలికి వెళ్లిపోయారన్నమాట, చెప్పిన పని చేయడానికి.

మెమరీ సెల్స్ దొరికే ప్లీహాలు, రక్తం వెంటనే తీసి దాచకపోతే అవీ వృథా అవుతాయి. చెప్పులేసుకుని బయల్దేరాను. ఐదు నెలల పని పోయిందని ఏడుపు వస్తోంది. పిడికెడంత కూడా లేని ప్రాణుల కోసం ఏడుస్తున్నానని సిగ్గు కూడా వేస్తోంది. చైతన్యపురి దాటేసరికి ఏడ్చేశాను.

కొత్తపేట దగ్గర రోడ్డు మధ్యలో సమ్మెవాళ్ల వంటావార్పు. రాళ్ల పొయ్యిల మీద పెద్ద గిన్నెలు, రోడ్డు మీదే బంతి భోజనాలు. నా మొహం చూసి ఒక పెద్దామె గరిటె పక్కన పెట్టి దగ్గరికొచ్చింది. దవాఖానకా బిడ్డా, ఎవరికి పాణం బాగలేదు అని అడిగింది. అబద్ధం ఆడే ఓపిక లేక ఎలుకలకు అన్నాను. ఆమె ఒక క్షణం నన్ను తేరిపార చూసింది. నవ్వలేదు. ఎన్ని ఎలుకలని అడిగింది. ఆరు అన్నాను. మంచినీళ్లు ఇచ్చి, తాగిందాకా నిలబడి, తల మీద చెయ్యి పెట్టింది.

"ఏం గాదు, పో. సల్లగుండు బిడ్డా."

నాలుగడుగులు వేశాక ఆ మాట చెవిలో పడింది. పడడం ఏమిటి, కొట్టినట్టయింది. సల్లగుండు. మా అమ్మమ్మ కూడా చల్లగా ఉండమ్మా అనే దీవించేది. అంటే క్షేమంగా ఉండమని. ఆరూ క్షేమంగా ఉన్నాయని ఆయన సంతోషంగా ఫోన్ చేసి చెబితే, చంపేయమన్నది నేను.

భాష తేడా అని సరిపెట్టుకోవడానికి కూడా వీల్లేదు. ఆ మాట నాకు తెలియనిదా? పుట్టినప్పటి నుంచీ విన్నదే. ఆరు నెలల్లో నా చెవులకు థర్మామీటరు తప్ప ఇంకేమీ వినబడకుండా పోయిందంతే. అక్కణ్నుంచి పరుగు. ఒక చెప్పు తెగితే రెండోది కూడా విప్పి చేత్తో పట్టుకున్నాను. దారి పొడుగునా ఫోన్ చేస్తూనే ఉన్నాను, అది మోగుతూనే ఉంది.

యానిమల్ హౌస్ తలుపు తీసేసరికి యాదయ్యగారు లోపలి గదిలోంచి మాస్కు దించుకుంటూ వస్తున్నారు. నాకు ఊపిరి అందడం లేదు. చేశారా అని మాత్రం అడగగలిగాను.

"చెయ్యలే మేడం. మీరు చెప్తిరి గని, నిద్రపుచ్చే ముందు అరగంట తేడాతోని రెండుసార్లు జూడాలె అని మీరే రాసి గోడకు అంటిచ్చిన్రు గద. మొదటిసారి ముప్పై ఆరు. ఇప్పుడు సుత ముప్పై ఆరే. బంగారమసొంటి ఎలుకలను ఎట్ల సంపుదు?"

అక్కడే గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాను. ఇంత హాయి నాకు డాక్టరేటు వచ్చిన రోజు కూడా కలగలేదు. గాజు కిటికీలోంచి చూస్తే ఆరూ ఒకదాన్నొకటి తోసుకుంటూ మేత కొరుకుతున్నాయి. తరవాత ఒక్కోదాని తోక చివర సూదితో పొడిచి, రక్తపు చుక్కను గాజు పలక మీద పూసి, రంగు వేసి మైక్రోస్కోపులో చూశాను. దాన్ని స్మియర్ అంటారు. కంట్రోల్ ఎలుకల స్మియర్లలో ఎటు చూసినా క్రిములే ఉండేవి. వీటిలో వెతికితే తప్ప కనబడలేదు. రెండు రోజులు పోయాక వెతికినా కనబడలేదు. కణాలు గుర్తుపెట్టుకున్నాయి.

నేనేం అనుకున్నానో సాయంత్రం చెప్పాను. దాచుకుంటే అరగదనిపించింది. ఆయన నవ్వుతారనుకున్నాను, లేకపోతే నొచ్చుకుంటారనుకున్నాను. రెండూ కాలేదు. సల్లగుండు అంటే మీ దిక్కు సచ్చుడా మేడం అని అడిగారు, నిజంగా తెలుసుకోవాలనే. కాదండీ, మా వైపూ బతకడమే, నేనే మర్చిపోయానన్నాను. తిట్టినా బాగుండేది.

ఈ పనిలో చేరే కొత్తవాళ్లకు ఇప్పుడు మొదటి రోజే చెబుతాను. ఎలా ఉన్నాయని అడగొద్దు, ఎంత ఉన్నాయని అడగండి. ప్రాణం తీసే మాట చెప్పేముందు అంకె వినాలి. అంకె లేకుండా నోరు జారింది నేను, రెండుసార్లు చూసి మరీ ఆగింది ఆయన. ఈ ముక్క కూడా కలిపే చెబుతాను.

కానీ నాకు ఇంకో దిగులు పట్టుకుంది. ఆ మర్నాటి నుంచి ఫోన్లో ఆయన ఆ మాట అనడం మానేశారు. ముప్పై ఆరు, నార్మల్ మేడం. అంతే. ఒక మనిషి నోట్లోంచి మంచి మాటను నేను తీసేసినట్టయింది. నెల పైన ఓర్చుకుని, ఒకరోజు అంకె విన్నాక నేనే అడిగాను.

"అంకె సరే యాదయ్యగారూ. ఇంతకీ ఎట్లున్నయ్?"



"సల్లగున్నయ్ మేడం" అన్నారు.