లేని గడప

నాచారం షెడ్డులో మేం వరద ఊళ్ల కోసం విప్పి బిగించే ఇళ్లు చేసేవాళ్లం. డ్రాయింగులు నావి, బిగింపు మా ఫిట్టరుది. ఆయన ప్రతి ఇంట్లోకీ, అక్కడ లేని గడపను దాటుతున్నట్టు కాలెత్తి మరీ వెళ్లేవాడు. మేం నవ్వేవాళ్లం.

"గడప లేకుంటే ఇల్లేంది సార్, డబ్బా అయితది!" అనేవాడు.

సర్కారు నుంచి పెద్ద ఆర్డరొకటి రావాలి. అది పోతే షెడ్డుకు తాళమే. అధికారులు పరీక్షకు వచ్చేముందు మేమే ఒక ఇంటి మీదకి ట్యాంకరు నీళ్లు వదిలి చూశాం. ఆ నీళ్లు గుమ్మంలోంచి దూసుకొచ్చి నన్ను ఉప్పల్ చౌరస్తా దాకా ఈడ్చుకుపోయాయి. సరే, నిజం చెబుతాను, సాక్సులు తడిశాయి.

"జూసిన్రా సార్? నీళ్లకు కాలెత్తే పని గూడ లేకపాయె!" అన్నాడు ఫిట్టరు.

ఆ సాయంత్రమే జానెడెత్తు గడప గీశాను.

అధికారుల ముందు మళ్లీ నీళ్లు వదిలితే చుక్క లోపలికి రాలేదు. ఆర్డరు మాదేనన్నారు. "ఈ గడప పూర్తిగా నా బుర్రలో పుట్టిందండీ" అంటూ గొప్పగా లోపలికి నడిచి, దాన్నే తన్నుకుని బోర్లా పడ్డాను.

ఫిట్టరు ఎప్పటిలాగే కాలెత్తి దాటొచ్చాడు. నన్ను లేపుతూ చెవిలో అన్నాడు: "మీ గడపనే గద సార్, జర యాది పెట్టుకోవాలె."